కొమ్ము లేని సైతాన్

ఈ రోజు పొద్దున కుక్కర్ రెండో విజిల్ వేస్తుండగా గేటు చప్పుడైంది. వెళ్ళి చూస్తే ఇస్త్రీ చొక్కాల్లో ఇద్దరు కుర్రాళ్ళు, "వందనాలమ్మా" అంటూ బొటనవేలంత ప్లాస్టిక్ సీసా ఒకటి నా చేతిలో పెట్టి, ఇది అభిషేక తైలమనీ, సాయంత్రం మళ్ళీ వస్తామనీ, ఇంట్లో బాధలున్నవాళ్ళ పేర్లు చెబితే ప్రార్థనలో పెడతామనీ చెప్పి పక్క వీధిలోకి పోయారు. సీసా మీద కోటేసుకుని మైకు పట్టుకున్న ఒకాయన బొమ్మ ఉంది. మూత తిప్పకముందే వాసన కొట్టింది, కొబ్బరినూనెలో చవక సెంటు కలిపిన వాసన. యాభై దాటినదాన్ని, బడిలో పంతులమ్మగా ఎందరు పిల్లల వాంతులో చేత్తో ఎత్తిపోసినదాన్ని, ఆ ఒక్క వాసనకు మాత్రం వంటింట్లోకి వచ్చి సింకు పట్టుకుని నిలబడిపోయాను.

ఇప్పుడు నిజామాబాద్‌లో ఉంటున్నాను గానీ మేము బోధన్ వాళ్ళం. చక్కెర ఫ్యాక్టరీ గోడ వెనక బస్తీలో పుట్టి పెరిగాం. చలికాలం మొదలై క్రషింగ్ పడిందంటే చాలు, బస్తీ మొత్తానికి బెల్లం మాడిన వాసన పట్టేది, అందులో చెరుకు మడ్డి పులిసిన కంపు కూడా కలిసేది, కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటే మాకు నవ్వొచ్చేది. ఫ్యాక్టరీ గొట్టం లోంచి ఎగిరొచ్చిన నల్లటి మసి ఆరేసిన బట్టల మీదా, వడబోసుకున్న నీళ్ళ మీదా, ఎండబెట్టిన మిరపకాయల మీదా వాలేది. రుద్రూర్ వైపు నుంచి వచ్చే చెరుకు బండ్లు గేటు బయట వరసగా ఆగి ఉంటే, బండివాడు చుట్ట ముట్టించుకునే అదను చూసి మేము వెనక నుంచి గడలు లాగేవాళ్ళం. సరిహద్దు అవతలి నుంచి చెరుకు కొట్టడానికి వచ్చిన మరాఠీ ఆడవాళ్ళు గుడిసెల ముందు రొట్టెలు చేసుకుంటూ మమ్మల్ని చూసి "ఏ పోరీ" అని అదిలించి, మళ్ళీ వాళ్ళే పిలిచి వేడి రొట్టె తుంచి పెట్టేవాళ్ళు.

మా బాపు ఫ్యాక్టరీలో చెరుకు దించే క్రేను దగ్గర పనిచేసేవాడు. అవ్వ, అంటే మా అమ్మ, బీడీలు చుట్టేది. బాపు వాళ్ళమ్మ, మా బాపమ్మ, ఇంటి పెత్తనమూ పొయ్యి పెత్తనమూ ఎవరికీ వదలకుండా గడపలో కూర్చుని తమాకు నమిలేది. నాకంటే నాలుగేళ్ళు పెద్దది కరుణక్క. బస్తీ చివర రేకుల చర్చి ఒకటుండేది, దానికి పాత సైకిలు ఉన్న ముసలి అయ్యగారు ఒకాయన. పాస్టరు అనే మాట మాకు తర్వాత వచ్చింది, అప్పుడు అందరికీ ఆయన అయ్యగారే. క్రిస్మస్‌కు పదిహేను రోజుల ముందే ఇంటింటా సకినాల పిండి తడిసేది, గరిజెల్లోకి కొబ్బరి తురుముతుంటే కరుణక్క సగం నోట్లోకి తురిమేది. పండగ రోజు తెల్ల గౌన్లు తొడుక్కుని చర్చికి నడిచేసరికి వాటి మీద మసి చుక్కలు పడి, మేమంతా చుక్కల కోళ్ళలాగా లోపలికి పోయేవాళ్ళం.

మా అయ్యగారికి ఏటా ఒకటే నాటకం, విశ్వాసికీ సైతానుకూ యుద్ధం. వాక్యంలో చెప్పిన సర్వాంగ కవచమంతా మా ఇళ్ళల్లోంచే పోగయ్యేది. సత్యమనే దట్టీ మా బాపు బెల్టు, రెండు చుట్లు తిప్పినా జారిపోయేది. నీతి అనే కవచం టీపొడి అట్టపెట్టె. విశ్వాసమనే డాలు బాపమ్మ చాట, రక్షణ అనే శిరస్త్రాణం పప్పు గిన్నె. సమాధాన సువార్త అనే జోడు కాళ్ళకు తొడుక్కోవాలి గానీ బస్తీ పిల్లల్లో ఎవరికీ చెప్పులు లేవు, అందుకని ఆ ఒక్క ఆయుధం ప్రతి ఏడూ లోటుగానే ఉండేది. ఇక ఆత్మ ఖడ్గం అంటే బండి నుంచి లాగిన చెరుకు గడ. సైతాను వేషం కరుణక్కదే. దాని నవ్వు అలాంటిది, కింద పళ్ళు కూడా కనిపించేలా నవ్వేది. ముఖానికి ఫ్యాక్టరీ మసి పూసుకుని, బాపమ్మ నల్ల గొంగడి కప్పుకుని వచ్చేది.

ఆ ఏడు విశ్వాసి ఖడ్గం ఎత్తి పొడవబోతే, చచ్చి పడిపోవాల్సిన సైతాను ఆ గడను లాక్కుని, పళ్ళతో చెక్కు తీసి, అందరూ చూస్తుండగా నమలడం మొదలుపెట్టింది. పిప్పి కూడా అక్కడే ఊసింది. విశ్వాసి ఏడుపు అందుకున్నాడు. చర్చి చర్చంతా విరగబడి నవ్వింది, అయ్యగారు నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. బాపమ్మ ముందు వరసలో కూర్చుని, అందరికీ వినపడేటట్టు, "సూడుండ్రి, గిది నా సైతాన్ పోరి" అంది. అంత గర్వంగా ఆమె ఎవర్నీ ఏదీ అనగా నేను వినలేదు.

ఇక్కడ మా ఊరి మాట ఒకటి చెప్పాలి. మా వైపు సైతాన్ అంటే అల్లరి పిల్ల. ఉర్దూ లోంచి వచ్చి మా ఇళ్ళల్లో ముద్దుమాటగా స్థిరపడిపోయింది. పక్కింటి ఖాలా తన కొడుకును సైతాన్ అని తిడుతూనే ముద్దు పెట్టుకునేది. బాపమ్మకైతే పాలు తాగని మేకపిల్ల సైతాన్, ఉడకని పప్పు సైతాన్, అందరికంటే పెద్ద సైతాన్ కరుణక్క. "ఓ సైతాన్ పోరీ, నా తమాకు డబ్బీ ఏడ దాసినవే?" అని రోజూ ఒక కేక. చర్చిలో చదివే సైతాను వేరు, ఇంట్లో పిలిచే సైతాన్ వేరు. పలక మీద రాసేటప్పుడు కరుణక్కే కనిపెట్టింది, "సూడే, చర్చిల సైతానుకు కొమ్మున్నది, మన సైతాన్‌కు కొమ్ము లేదు" అని, 'న' పక్కన గీసిన కొమ్ము చూపించి పకపకా నవ్వింది. ఆ తేడా మా బస్తీలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

కరుణక్కకు మూర్ఛ వచ్చేది. మొదటిసారి బోరింగు దగ్గర బిందె పడేసి పడిపోయింది, చేతులు కాళ్ళు కొట్టుకుంటుంటే అవ్వ కూడా ఆమె పక్కనే కూలబడింది. బాపు బస్సులో నిజామాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. తెల్లటి చిన్న గోలీలు ఇచ్చారు, ఒక్క రోజు కూడా ఆపొద్దన్నారు. గోడ గూట్లో పసుపు డబ్బా పక్కన ఇంకో డబ్బాలో అవి ఉండేవి, అన్నం తినగానే గోలీ, అది మా ఇంట్లో ప్రార్థన అంత ఖాయం. అవి వేసుకున్నాక మూర్ఛ మాట దాదాపు మరిచిపోయాం. చెరుకు గడ తిన్న ఏడు దానికి ఒక్కసారీ రాలేదు.

క్రషింగ్ ఆగిపోయి, ఎండలు ముదిరి, బాపు పోచంపాడ్ వైపు కూలికి పోయిన రోజుల్లో, ఫ్యాక్టరీ పక్క మైదానంలో షామియానా లేచింది. విడుదల కూటములట. కోస్తా నుంచి పెద్ద ప్రసంగీకుడు వచ్చాడు, దయ్యాలు ఆయన పేరు వింటేనే వణుకుతాయని మైకులో తిరిగి చెప్పారు. ఆయనకు ఒక్కో పూట ఒక్కో ఇంట్లో భోజనం. రెండో రోజు మధ్యాహ్నం మా వంతు వచ్చింది, కరుణక్క పెంచుకున్న ఎర్ర కోడిపెట్టను కోశారు. ఆయన గిన్నెలో ముక్కలు వేలితో కెలికి కాలు ముక్కలు ఏరుకుని, ఎముక చప్పరించి చప్పరించి పళ్ళెం అంచున పేర్చాడు. చేయి కడుక్కోకుండా కర్చీఫుకు తుడుచుకున్నాడు. చిన్నపిల్లనైనా నాకు ఆ కర్చీఫు చూస్తేనే ఏవగింపు కలిగింది. అవ్వ చేతులు కట్టుకుని, పెద్దపిల్లకు మూర్ఛ ఉందనీ, తల మీద చేయి పెట్టి ప్రార్థన చెయ్యమనీ అడిగింది. అప్పుడే తలుపు వెనక నుంచి కరుణక్క ఆయన మాట తీరును అచ్చంగా అనుకరించింది, "కొంచెం పులుసు పోయండమ్మా" అని. నేను నవ్వాను. బాపమ్మ సిగ్గుపడి, నవ్వాపుకుంటూ అంది:

"ఏమనుకోకు అయ్యా, గిది ఉత్త సైతాన్. సిన్నప్పటి సంది గంతే."

ఆయన తినడం ఆపి బాపమ్మ వైపు చూశాడు. తర్వాత మిగిలిన ముక్క కూడా తిన్నాడు.

ఆ సాయంత్రం, ఇంకా పొద్దు గుంకకముందే, షామియానాలో మనుషుల చెమటా, సెంటు నూనె వాసనా, పెట్రోమాక్స్ దీపాలకు పోస్తున్న కిరసనాయిలు కంపూ కలిసి ఊపిరాడకుండా ఉండగా, ఆయన మైకులో అరిచాడు. "ఈ ఊళ్ళో ఒక ఇంట్లో సైతాను కాపురముంది! నేను చెప్పడం లేదు, ఆ ఇంటి పెద్దామే తన నోటితో ఒప్పుకుంది! చిన్నప్పటి నుంచీ ఈ పిల్లలో సైతానుందని చెప్పింది!" మా ఇంట్లో కూర్చుని, మా కోడిని తిని, మా బాపమ్మ ముద్దుమాటను జేబులో వేసుకుపోయి, దానికి కొమ్ము తగిలించి నలుగురిలో పెట్టాడు. బాపమ్మ లేచి "గట్ల గాదయ్యా, నేనన్నది గది గాదు" అంది, తర్వాత ఇంకా ఏదో అంది. స్తోత్రాల్లో ఆ మాటలు నాకే వినపడలేదు, పక్కనున్నదాన్ని.

కరుణక్కను వేదిక మీదికి లాక్కుపోయారు. ఇద్దరు ఆడవాళ్ళు చేతులు పట్టుకున్నారు. ఆయన సీసా వంచి నూనె దాని నెత్తిన పోశాడు, కళ్ళల్లోకి కారింది, నోట్లోకి కారింది. కోడికూర తిన్న ఆ వేళ్ళతోనే నుదురు నొక్కి ఊపాడు. ముఖం మీద ముఖం పెట్టి ఊదాడు.

"నీ పేరేంటి?"

"కరుణ."

"అది ఈ పిల్ల పేరు. లోపలున్నదానా, నీ పేరు చెప్పు!"

"నా పేరు కరుణ," అంది అక్క.

చెంప మీద కొట్టాడు. జనం స్తోత్రం అన్నారు. మళ్ళీ అడిగాడు, మళ్ళీ అదే చెప్పింది, మళ్ళీ కొట్టాడు. మాకు ప్రతి పండక్కీ సకినాలు పంపే వాళ్ళూ, నాటకంలో విరగబడి నవ్విన వాళ్ళూ, అదే పిల్లను చూస్తూ చేతులు పైకెత్తి ఊగుతున్నారు. మా అయ్యగారు లేచి వెళ్ళి ఆయన చేయి పట్టుకుని, "బాబూ, పోరి అలిసిపోయింది, ఇడువుండ్రి" అన్నాడు. వాలంటీర్లు ఆయన్ని మర్యాదగా భుజాలు పట్టి కుర్చీలో కూర్చోబెట్టారు. అయ్యగారు మాట్లాడినప్పుడల్లా పాట అందుకున్నారు.

చివరికి కరుణక్క కళ్ళు తుడుచుకునే వీలు లేక, నూనెలోంచే జనంలో బాపమ్మను వెతికింది. కనిపెట్టింది కూడా. ఆయన మళ్ళీ పేరడిగితే, ఆమె వైపే చూస్తూ, తనకున్న ఇంకొక్క పేరు చెప్పింది.

"సైతాన్."

షామియానా లేచిపోయేటట్టు కేకలు వేశారు. నేను జీవితంలో చాలా గొడవలు విన్నాను, అంత అసహ్యమైన సంతోషం మళ్ళీ వినలేదు.

ఆ పిల్లకు విడుదల అయిందనీ, ఇక గోలీలు వేయడమంటే దేవుణ్ణి నమ్మకపోవడమేననీ, ఆ అనుమానపు సందులోంచే వాడు మళ్ళీ దూరతాడనీ అవ్వకు చెప్పారు. అవ్వ పాపం నమ్మింది. నమ్మకపోతే బిడ్డకేమైనా అయితే ఆ పాపం తనదేనని భయపడింది. గూట్లో గోలీల డబ్బా తీసేసి అక్కడ నూనె సీసా పెట్టింది. ఆదివారం చర్చిలో సాక్ష్యం కూడా చెప్పింది. కొన్నాళ్ళు ఏమీ కాలేదు, బస్తీ ఆడవాళ్ళు వచ్చి కరుణక్కను వింత బొమ్మను చూసినట్టు చూసిపోయారు.

ఒక రోజు పొద్దున అక్క పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె చరుస్తోంది. నేను పలక తుడుచుకుంటున్నాను. పొయ్యి మీద రొట్టె కాల్చే పెంక బాగా కాలి ఉంది. రొట్టె చప్పుడు ఆగింది, అంతే, తలెత్తి చూసేసరికి అక్క ముందుకు పడిపోయి కొట్టుకుంటోంది, ఎడమ చేయి పెంక మీద ఉంది. బాపమ్మ మంటలో చేయి పెట్టి లాగింది. అవ్వకు ఏం చేయాలో తోచలేదు. గూట్లో సీసా తీసి ఆ కాలిన చేయి మీద గుమ్మరించింది. సెంటు నూనె, కాలిన చర్మం, పొయ్యి పొగ, మూడూ కలిసిన వాసన అది. ఈ పొద్దున గేటు దగ్గర నా ముక్కుకు తగిలింది అదే.

అయ్యగారు సైకిలు మీద వచ్చి, ఎవరిదో జీపు అడిగి, మమ్మల్ని నిజామాబాద్ తీసుకుపోయాడు. కబురందుకుని బాపు నేరుగా దవాఖానకే వచ్చాడు. డాక్టరు గోలీల సంగతి అడిగితే అవ్వ తల వంచుకుంది.

"నా విశ్వాసం తక్కువైతదని జెప్పిండ్రు," అంది.

"నీ విశ్వాసం కాలిందా, దాని చెయ్యి కాలిందా?" అన్నాడు బాపు. ఆ తర్వాత ఎన్నడూ అవ్వను ఆ విషయంలో ఒక్క మాట అనలేదు.

అయ్యగారు బయట బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు. నాకు ఒకటే సందేహం, అక్కలో నిజంగా సైతాను ఉన్నాడా అని. అడిగేశాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచాడు.

"సైతాను ఉన్నడు బిడ్డా. లేడని నేను జెప్ప. కని కొమ్ములు వెట్టుకోని రాడు. సైతాను అంటె బైబిలు రాసిన పాత భాషల నేరం మోపెటోడు అని అర్థం. ఒక మనిషి దిక్కు ఏలు వెట్టి, 'గిది పాడుది' అనెటోడు. మొన్న గా షామియానల ఉండె. మీ అక్కల లేకుండె."

అప్పుడు సగమే అర్థమైంది. వయసు పెరిగినకొద్దీ మిగతా సగం తెలుస్తూ వచ్చింది. నేను ఇప్పటికీ చర్చికి పోతాను, యుద్ధం ఉందని నమ్ముతాను. కానీ కవచం తొడుక్కోమన్నది మన మీదికొచ్చే అబద్ధాన్ని ఆపడానికి, పక్క పిల్ల చెంప పగలగొట్టడానికి కాదు. దయ్యాలు వదిలిస్తామనే వీళ్ళ యుద్ధంలో వీళ్ళకు ఓటమి ఉండదు. జబ్బు తగ్గితే గెలుపు వాళ్ళది, తగ్గకపోతే తప్పు మనది. మా అక్క చేయి కాలాక కూడా బస్తీలో కొందరు, పోయిన దయ్యం ఇంకో ఏడు దయ్యాలను వెంటేసుకుని తిరిగొచ్చిందన్నారు, మా ఇంట్లో ఏదో దాచిన పాపముందన్నారు. ఉమ్మేయాలనిపిస్తుంది తలచుకుంటే.

గోలీల డబ్బా మళ్ళీ గూట్లోకి వచ్చింది. చేయి మానింది, మచ్చ ఉండిపోయింది. రానిది ఒకటే. బాపమ్మ మళ్ళీ ఎన్నడూ ఆ మాట పలకలేదు. మేకపిల్లను మేకపిల్ల అంది, ఉడకని పప్పును ఉడకని పప్పంది. కరుణక్కను మాత్రం "కరుణమ్మా" అని చుట్టాల పిల్లను పిలిచినట్టు పిలిచింది. అక్క కావాలని తమాకు డబ్బీ దాచేది, గొంగడి కప్పుకుని గడపలో ఎగిరేది, ఒకసారి బాపమ్మ చాటను బావి గట్టు మీద పెట్టి వచ్చింది. బాపమ్మ నోరు తెరిచేది, మాట పెదవుల దాకా వచ్చేది, మూసుకునేది. ఆమె పోయేదాకా అక్క ఎదురుచూసింది. మరుసటి క్రిస్మస్‌కు నాటకం వెయ్యలేదు, సైతాను వేషానికి ఎవరూ తమ పిల్లను ఇవ్వలేదు.

ఇప్పుడు ఫ్యాక్టరీ మూతపడింది. గొట్టం లోంచి పొగ రాదు, గేటు ముందు బండ్లు లేవు, లోపల సర్కారు తుమ్మ పెరిగింది. బోధన్‌లో బట్టలు మసి లేకుండా ఆరుతున్నాయి. అయ్యగారు లేడు, రేకుల చర్చి స్థానంలో పెద్ద స్లాబు, పెద్ద సౌండు. అల్లరి పిల్లల్ని ఇప్పుడు మా వాళ్ళెవరూ సైతాన్ అని పిలవరు, హైపర్ అంటారు. ఇన్ని పోయాయి గానీ ఆ నూనె సీసా మాత్రం పోలేదు, చిన్నదై, మూత గట్టిదై, గేటు దాకా వస్తోంది.

కరుణక్క బోధన్‌లో బట్టలు కుడుతుంది. నెలకోసారి గోలీల కోసం నిజామాబాద్ వస్తుంది, ఈ రోజు వచ్చింది. అన్నం తిని, గోలీ వేసుకుని కూర్చుంటే సీసా చూపించాను. మూత తీసి వాసన చూసి, మళ్ళీ మూత పెట్టింది. సాయంత్రం ఆ కుర్రాళ్ళు చెప్పినట్టే వచ్చారు. నేను లేచి వెళ్ళేలోపే అక్క గేటు దగ్గరికి పోయి సీసా తిరిగి వాళ్ళ చేతిలో పెట్టింది.

"పర్వాలేదమ్మా, ఉంచుకోండి. మీ పేరు చెప్పండి, ప్రార్థన చేస్తాం," అన్నాడు వాళ్ళలో ఒకడు.

"కరుణ."

రోడ్డు మీద ఆటో ఒకటి హారన్ కొడుతూ పోయింది. వాడికి వినపడలేదు. "ఏంటమ్మా పేరు?"

"కరుణ," అంది అక్క. ఇంకా వాడి ముఖం లోకే చూస్తూ, "గప్పుడు గూడ గదే జెప్పిన" అంది.

వాడికి ఏమీ అర్థం కాలేదు. వందనాలు చెప్పి, సీసా తీసుకుని, పక్కింటి గేటు తీశాడు. ఆ ఇంట్లో ఐదేళ్ళ పాప ఉంది, మహా అల్లరిది, నా కళ్ళద్దాలు రెండుసార్లు దాచింది. వాళ్ళమ్మ తలుపు తీస్తూ, "ఇదిగో, దీనికి చెయ్యండి ప్రార్థన, అస్సలు మాట వినదు" అని నవ్వుతూ అనడం ఇక్కడికి వినిపించింది.

వెనక్కి తిరిగి చూస్తే కరుణక్క గుమ్మంలో కూర్చుని, పక్కింటి వైపే చూస్తూ చెప్పులు తొడుక్కుంటోంది.